పొద్దున సరిగ్గా ఏడున్నరకే నెట్ ఎందుకు పోతోంది?

రాజమహేంద్రవరం నుంచి ఒక టీచర్ గారు రాశారు, పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, దాంతో పాటు ఫోన్లో తీసిన రెండు ఫోటోలు. ముఖ్యమైన సంగతులు ముందు చెప్పేస్తా.

ఆవిడ ఇంట్లోనే కూర్చుని ఎనిమిది, తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తారు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఒక బ్యాచ్, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంకో బ్యాచ్. ఇంట్లో ఉన్న రౌటర్ 2020 లాక్‌డౌన్ టైమ్‌లో వాళ్ళ తమ్ముడు సెట్ చేసి ఇచ్చింది. అప్పటికే అది పాతదే, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 అని, రౌటర్ల కోసం లైనక్స్ మీద చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు, యాడ్స్ రాకుండా సొంతంగా చిన్న స్క్రిప్ట్ (బుల్లి ప్రోగ్రామ్) కూడా రాసి పెట్టాడు. మరుసటి ఏడాది డల్లాస్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక కాగితం మీద పాస్‌వర్డులూ, దాని కింద "యాడ్ లిస్ట్ రోజూ రాత్రి 2కి అప్‌డేట్ అవుతుంది, రీస్టార్ట్ అయినప్పుడు కూడా అవుతుంది" అనీ రాసి రౌటర్ వెనకాల అంటించి వెళ్ళాడు.

మూడు నాలుగేళ్ళు ఏ గొడవా లేదు. ఈ ఏడాది నుంచే మొదలైంది. ఆవిడ మాటల్లోనే: "పొద్దున క్లాసులో దాదాపు రోజూ ఏడున్నర ప్రాంతంలో దెబ్బ తగులుతుంది. ఒక్కోసారి లైట్లన్నీ ఆరిపోయి మళ్ళీ వెలుగుతాయి. ఒక్కోసారి లైట్లు బానే ఉంటాయి, వైఫై ఫుల్ చూపిస్తుంది, క్లాస్ కూడా నడుస్తూనే ఉంటుంది కానీ కొత్తగా ఏ పేజీ ఓపెన్ అవ్వదు, మా అబ్బాయి ఫోన్ అయితే ఐపీ అడ్రస్ తీసుకుంటున్నా అంటూ అక్కడే తిరుగుతుంది. ప్లగ్ తీసి పెడితే రెండు మూడు నిమిషాలు బాగుంటుంది, మళ్ళీ అదే. సాయంత్రం మాత్రం లైట్లు ఆరవు, కానీ నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందంటారు పిల్లలు." మొన్న ఒక పిల్లాడి తండ్రి గ్రూప్‌లో అందరి ముందూ "నెట్ సరిగా లేనప్పుడు క్లాసులెందుకండీ" అని పెట్టాడట. "మావారేమో రౌటర్ని తీసి పారెయ్ అంటారు, తమ్ముడేమో ముట్టుకోకక్కా సంక్రాంతికొచ్చి నేను చూస్తా అంటాడు, మావయ్య గారు పనిచేసే వస్తువుని పారెయ్యడమేంటి అంటారు, నాకా టెక్నికల్ నాలెడ్జ్ లేదు, పొద్దున బ్యాచ్ ఆపేద్దామా అనుకుంటున్నా." ఇదీ ఉత్తరం చివర.

టీచర్ గారూ, ముందుగా ఒక మాట. టెక్నికల్ నాలెడ్జ్ లేదని రాశారు గానీ మీరు రాసినంత శుభ్రంగా కంప్లైంట్ రాసేవాళ్ళు నాకు చాలా తక్కువ మంది తగిలారు. ఏ టైమ్‌కి పోయింది, లైట్లు ఆరాయా లేదా, నడుస్తున్న క్లాస్ నడిచిందా, కొత్త పేజీ తెరుచుకుందా, ఇవన్నీ విడివిడిగా చూసి రాశారు. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున బ్యాచ్ గురించి ఇప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఓ వారం ఆగండి.

మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. పొద్దునది వేరు, సాయంత్రానిది వేరు. రెండూ కలిపి "నెట్ పోతోంది" అనుకోవడం వల్లే ఏం చేసినా తేలట్లేదు.

పొద్దునది చూద్దాం. మీరు పంపిన మొదటి ఫోటో రౌటర్ లోపలి సెట్టింగ్స్ పేజీది. అందులో లోకల్ టైమ్ అన్నచోట మధ్యాహ్నం 3:40 అని ఉంది. మీరు ఆ ఫోటో తీసిందేమో రాత్రి 9:10కి, ఫోన్ గడియారం ఆ మూలే కనిపిస్తోంది. తేడా ఎంత? ఐదున్నర గంటలు. అంటే రౌటర్ మన టైమ్‌లో లేదు, గ్రీన్‌విచ్ టైమ్‌లో ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయగానే అలాగే ఉంటుంది, మనం వెళ్ళి ఏషియా కోల్‌కతా అని మార్చుకోవాలి, మీ తమ్ముడు ఆ ఒక్కటీ మర్చిపోయాడు. ఇప్పుడు వెనకాల కాగితం చూడండి. రాత్రి 2కి లిస్ట్ అప్‌డేట్. రౌటర్ లెక్కలో రాత్రి 2 అంటే మన లెక్కలో ఎంతండీ? పొద్దున ఏడున్నర. సరిగ్గా మీరు బోర్డు మీద లెక్క చేస్తున్న టైమ్‌కి అది ఇంటర్నెట్ నుంచి యాడ్ లిస్ట్ (ఆపాల్సిన యాడ్ సైట్ల పేర్లు) దింపుకోవడం మొదలుపెడుతోంది.

దింపుకుంటే ఏమైంది అంటారేమో. అదే ఫోటోలో కింద మెమరీ చూడండి. మీ రౌటర్ రామ్ 32 ఎంబీ, అందులో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) తన వాటా తీసుకోగా పేజీలో కనపడే మొత్తం 27 చిల్లర, దొరికేది 3 ఎంబీ. మీ ఫోన్లో ఒక్క ఫోటో అంత. అందులో ఈ లిస్ట్ పని ఎలా జరుగుతుందంటే, పాత లిస్ట్ ఆల్రెడీ డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ నోట్లో ఉంటుంది, కొత్త లిస్ట్ దిగి టెంపరరీ ఫోల్డర్లో కూర్చుంటుంది, ఈ రౌటర్లలో టెంపరరీ ఫోల్డర్ అంటే వేరే డిస్క్ ఏం కాదు, అది కూడా ఆ రామ్‌లోనే ఉంటుంది, పైగా డూప్లికేట్లు తీసేయడానికి స్క్రిప్ట్ దాన్ని సార్ట్ చేస్తుంది, దానికీ రామే కావాలి. ఒకటే గిన్నెలో పాత పిండీ, కొత్త పిండీ, రుబ్బడమూ అన్నీ ఒకేసారి అన్నమాట. 2020లో సరిపోయింది, ఎందుకంటే అప్పుడు లిస్ట్ చిన్నది, ఇంట్లో ఫోన్లు నాలుగు. ఇప్పుడు పదమూడు డివైస్‌లు అని మీరే రాశారు, టీవీ, గేట్ దగ్గర కెమెరా, అందరి ఫోన్లూ. ఆ యాడ్ లిస్ట్‌లు కూడా ఏటా పెరుగుతూనే ఉంటాయి.

రామ్ అయిపోతే లైనక్స్ కెర్నల్ చేసే పని ఒకటే, బాగా మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ని పట్టుకుని చంపేస్తుంది. ఇక్కడ ఎక్కువ తినేది డీఎన్ఎస్‌మాస్కే, లిస్టంతా దాని దగ్గరే ఉంది కదా. ఇంట్లోవాళ్ళు తెరిచే సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టేదీ అదే, కొత్తగా వచ్చిన ఫోన్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చేదీ అదే. అందుకే ఆల్రెడీ కనెక్ట్ అయిపోయిన మీ క్లాస్ నడుస్తూనే ఉంటుంది, కొత్త పేజీ తెరుచుకోదు, మీ అబ్బాయి ఫోన్ ఐపీ దగ్గర తిరుగుతూ ఉంటుంది. మీరు చూసింది అక్షరాలా ఇదే. చచ్చిన ప్రోగ్రామ్‌ని రౌటర్ మళ్ళీ లేపుతుంది, కానీ పదే పదే చస్తుంటే కొన్నిసార్లు ప్రయత్నించి వదిలేస్తుంది. ఇంకొన్ని రోజులు మెమరీ అసలు మిగలక మొత్తం బిగుసుకుపోతుంది, అప్పుడు లోపలున్న వాచ్‌డాగ్ అనే టైమర్ తనకి ఊ కొట్టేవాళ్ళు లేరని రౌటర్‌నే రీస్టార్ట్ చేసేస్తుంది. మీ లైట్లు ఆరి వెలిగేది అప్పుడే.

ప్లగ్ సంగతి. రీస్టార్ట్ అవ్వగానే రామ్‌లో ఉన్న లిస్ట్ మొత్తం పోతుంది, కాగితం మీద రాసినట్టు స్క్రిప్ట్ మళ్ళీ మొదట్నుంచీ దింపుతుంది. రెండు మూడు నిమిషాలు బాగుండి మళ్ళీ పోవడం అందుకే. మీరు మందు అనుకుని వేస్తున్నది జబ్బునే మళ్ళీ పెడుతోంది. ఇందులో మీ తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు.

దీనికి రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగేది చెప్తా. ఆదివారం క్లాస్ లేనప్పుడు చేయండి. లోపలి పేజీలో సిస్టమ్ కింద బ్యాకప్ అని ఉంటుంది, ముందు అది నొక్కి ఫైల్ లాప్‌టాప్‌లో దాచుకోండి, తర్వాత ఏం చెడిపోయినా వెనక్కి రావచ్చు. అక్కడే షెడ్యూల్డ్ టాస్క్స్‌లో ఆ రాత్రి 2 లైన్ ఉంటుంది, దాని మొదట్లో ఒక హ్యాష్ గుర్తు పెడితే ఆ లైన్ పనిచెయ్యదు. స్టార్టప్ పేజీలో రీస్టార్ట్‌కి సంబంధించిన లైన్ ఉంటుంది, దానికీ అలాగే. టైమ్‌జోన్ మార్చండి. ఒకసారి రీస్టార్ట్ చేసి వదిలేయండి. సోమ, మంగళ, బుధ మూడు రోజులు ఏడున్నరకి ఏం జరగకపోతే తేలిపోయినట్టే.

మరి యాడ్స్? వస్తాయి. మావయ్య గారు ఫోన్లో వార్తలు చూస్తారన్నారు కదా, ముందు ఆయనే అడుగుతారు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంటుంది (సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికే పని ఎవరికివ్వాలో చెప్పేది), అందులో యాడ్‌గార్డ్ లాంటి వాళ్ళ అడ్రస్ పెడితే చాలా వరకు యాడ్స్ ఆగుతాయి, రౌటర్ మీద బరువు పడదు. ఇబ్బంది ఏంటంటే ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌కి విడిగా పెట్టాలి, మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో ఆ పేర్లు ఆ కంపెనీకి తెలుస్తాయి. అది వద్దనుకుంటే తమ్ముడితో ఇంకా చిన్న లిస్ట్ పెట్టించుకోవచ్చు, కొన్ని వేల పేర్లున్నది, అప్‌డేట్ వారానికొకసారి, నిజంగా రాత్రి 2కి. నేనైతే 32 ఎంబీ రౌటర్ మీద ఆ పని అసలు పెట్టను.

కొత్త వెర్షన్ వేస్తే బాగవుతుందని మీవారు యూట్యూబ్‌లో చూశారని రాశారు. దయచేసి వేయనివ్వకండి. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 21.02 నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే కనీసం 8 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే చోటు), 64 ఎంబీ రామ్ ఉండాలని చెప్పేశారు. మీదాంట్లో ఫ్లాష్ 8 ఉంది, రామ్ సగమే. బలవంతంగా వేస్తే బూట్ అవ్వొచ్చు, కానీ ఇప్పుడున్న ఆ 3 ఎంబీ కూడా మిగలదు. ప్యాకేజీలు అప్‌డేట్ అనే బటన్ కూడా నొక్కొద్దు. ఫ్లాష్‌లో అసలు సిస్టమ్ ఉన్న భాగం చెరిపేది కాదు, కొత్తది దాని పక్కన ఇంకో కాపీగా పడుతుంది, పాతది స్థలం ఖాళీ చెయ్యదు, ఉన్న కాస్త చోటూ నిండిపోతుంది. రామ్ పెంచుకోవచ్చా అని అడిగారు, అది బోర్డుకి అతికించిన చిప్, మన లాప్‌టాప్‌లో లాగా తీసి పెట్టేది కాదు.

ఇక సాయంత్రం. లైట్లు ఆరట్లేదు, లిస్ట్ పని లేదు, కాబట్టి మెమరీ మీద అనుమానం తక్కువ. రెండో ఫోటోలో వైఫై సెట్టింగ్ చానల్ 4, వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంది. మీ రౌటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంది. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మూడు చానళ్ళే, అవీ 20 వెడల్పులో. 40 పెడితే దాదాపు సగం రోడ్డు మీ ఒక్కరిదే అనుకున్నట్టు. లాక్‌డౌన్లో పక్కింట్లో ఎన్ని రౌటర్లున్నాయో తెలీదు గానీ, ఇప్పుడు మీ ఫోన్లో చుట్టుపక్కల పదిహేను పేర్లు కనిపిస్తున్నాయని రాశారు. సాయంత్రం ఏడింటికి అందరూ ఇళ్ళకొచ్చి టీవీల్లో వీడియోలు పెట్టుకుంటారు. 4లో 40తో కూర్చుంటే 1 వాళ్ళూ 6 వాళ్ళూ ఇద్దరూ మీ మాటకి అడ్డొస్తారు, మీరు వాళ్ళకి అడ్డొస్తారు.

కానీ నా మాట నమ్మి ఊరుకోకండి, కొలవండి. సాయంత్రం క్లాస్ లేని రోజు ఏడున్నరకి లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు తెరవండి. ఒకదాంట్లో రౌటర్‌కి పింగ్ (అటు నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్) పెట్టండి, దాని అడ్రస్ మామూలుగా 192.168.1.1, రెండోదాంట్లో బయటికి, అంటే గూగుల్ వాళ్ళ 8.8.8.8కి. రెంటికీ చివర హైఫన్ టీ కొట్టండి, ఆగకుండా నడుస్తాయి. రౌటర్ మీ పక్క గదిలోనే ఉంది, కాబట్టి మొదటిది రెండు మూడు మిల్లీసెకన్లలో రావాలి. అదే మధ్యమధ్యలో మూడొందలు, ఐదొందలు అవుతుంటే తప్పు గాల్లో ఉంది, అంటే వైఫై. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదే ఎగురుతుంటే తప్పు బయట లైన్లో ఉంది, అప్పుడు ఏ రౌటర్ కొన్నా ఉపయోగం లేదు, ఆ నంబర్లు ఫోటో తీసి ఫైబర్ అతనికి చూపించండి. నోటితో నెట్ స్లో అంటే ఎవరూ రారు, టైమ్‌తో సహా నంబర్లు చూపిస్తే వస్తారు.

వైఫైదే అని తేలితే వెడల్పు 20 చేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి, ఏది ఖాళీగా ఉందో ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్‌లో తెలుస్తుంది, అదీ సాయంత్రం పూటే చూడండి, మధ్యాహ్నం చూస్తే అన్నీ ఖాళీగానే ఉంటాయి. 20 చేస్తే స్పీడ్ టెస్ట్‌లో నంబర్ పడిపోతుంది, కంగారు పడొద్దు, మీ క్లాస్‌కి కావాల్సింది మూడు నాలుగు ఎంబీపీఎస్, తెగకుండా. మేడ మీద నుంచి మావయ్య గారి ఫోన్ సన్నటి సిగ్నల్‌తో వీడియో చూస్తోందన్నారు, అది కూడా కొంత కారణమే. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, దూరంగా ఉన్న ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి ఎక్కువసేపు అందర్నీ ఆపుతుంది.

రౌటర్ ఎక్కడుందో చదివినప్పుడు మాత్రం నిజంగా బాధేసింది. ఇనప బీరువా మీద, గోడకి ఆనించి, దుమ్ము పడకుండా అత్తయ్య గారు కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, గుడ్డ వేడిని బయటికి పోనివ్వదు, రాజమండ్రి మే నెలలో అసలే గది ముప్పై ఎనిమిది ఉంటుంది. చాలా మోడళ్ళకి వెనకాల గోడకి తగిలించుకునే కన్నాలుంటాయి, హాల్లో తలకంటే ఎత్తులో రెండు మేకులు కొట్టి తగిలించండి. అడాప్టర్ కూడా ఒకసారి చూడండి, పాతది కాలిపోతే బజార్లో వేరేది తెచ్చామని రాశారు. రౌటర్ కింద స్టిక్కర్ మీద వోల్టేజ్ ఎంతుందో అడాప్టర్ మీద అంతే ఉండాలి, ఆంపియర్లు మాత్రం అంతకి తగ్గకూడదు, ఎక్కువున్నా ఫర్వాలేదు. తక్కువ ఆంపియర్ల అడాప్టర్ అయితే లోడ్ పెరిగినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, అప్పుడు మీరు అది కూడా మెమరీ ఖాతాలో రాసేస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఉంచాలా పారెయ్యాలా. దారులు మూడున్నాయి.

ఉంచుకుని పైన చెప్పినవి చేసుకోవడం ఒకటి. దాంతో పాటు మీ టేబుల్‌కి లాన్ కేబుల్ లాగించుకోండి, లాప్‌టాప్‌కి పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. ఆ పాత రౌటర్ పోర్ట్ 100 ఎంబీపీఎస్సే, క్లాస్‌కి అది ఎక్కువే. కేబుల్ పెట్టాక పక్కిళ్ళ వైఫైలు ఎన్నున్నా మీకు సంబంధం లేదు. మొత్తం ఉత్తరానికి ఒక్కటే సలహా చెప్పమంటే ఈ కేబులే చెప్తా. కానీ ఒకటి దాచకూడదు, 19.07కి 2022 ఏప్రిల్ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు. ఇంటర్నెట్‌కీ మీ ఇంటికీ మధ్య గుమ్మంలో ఆ పాత సాఫ్ట్‌వేరే కూర్చుని ఉంది. మీవారు అదే నెట్ మీద బ్యాంక్ పని చేస్తారు కూడా. రేపే ఏదో అవుతుందని కాదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంచడం మాత్రం మంచిది కాదు.

ఫైబర్ అతను పెట్టిన బాక్స్‌కి కూడా యాంటెనాలు ఉన్నాయని రాశారు చూడండి, రెండో దారి అది. అంటే దానికీ వైఫై ఉంది. లాగిన్ డయల్ చేసే పని దానికే అప్పజెప్పి, పాత రౌటర్‌ని మేడ మీద వైఫై అందించడం వరకే చేసే ఉత్త యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవచ్చు. దాంట్లో అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ, ఫైర్‌వాల్ ఆపేసి, దాని ఐపీ మార్చి, బాక్స్ నుంచి వచ్చే కేబుల్ లాన్ పోర్ట్‌లో గుచ్చాలి. అప్పుడు దాని మీద పని చాలా తగ్గుతుంది, 32 ఎంబీ చాలు, గుమ్మంలో నుంచి లోపలి గదిలోకి వస్తుంది కాబట్టి భయమూ తగ్గుతుంది. మావయ్య గారికి మేడ మీద సిగ్నల్ వస్తుంది, వస్తువు పారెయ్యక్కర్లేదు. జాగ్రత్త ఒక్కటే, డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండూ పోటీ పడి అడ్రస్‌లు ఇస్తాయి, ఇల్లంతా గందరగోళం అవుతుంది. బాక్స్ పాస్‌వర్డ్ కూడా ఫైబర్ అతని దగ్గరే ఉంటుంది, అడిగి తీసుకోవాలి, ఇవ్వనంటే అతన్నే కూర్చోబెట్టి చేయించుకోవాలి.

కొత్తది కొనడం మూడోది. రెండు బ్యాండ్లున్నది, గిగాబిట్ పోర్టులున్నది చూడండి, రెండు మూడు వేలల్లో దొరుకుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్ళు ఎక్కువ, ఇరుగుపొరుగు గోల తక్కువ, కానీ అది గోడలు దాటడం కష్టం, మేడ మీదకి సరిగా అందదు, అప్పుడైనా పాతది పైన యాక్సెస్ పాయింట్‌గా కావాల్సొస్తుంది. తమ్ముడు మళ్ళీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తానంటే కొనకముందే వాళ్ళ హార్డ్‌వేర్ టేబుల్‌లో మోడల్‌తో పాటు వెర్షన్ నంబర్ కూడా చూడమనండి, అదే పేరు మీద లోపల వేరే చిప్ ఉన్న వెర్షన్లు వస్తుంటాయి. రామ్ 128 ఎంబీకి తగ్గొద్దు.

నేను మీ చోట ఉంటే ఈ ఆదివారం స్క్రిప్ట్ ఆపి, కేబుల్ లాగి, నెల తర్వాత రెండో దారికి వెళ్తా. కొత్తది కొనే డబ్బులు దసరాకో సంక్రాంతికో చూసుకోవచ్చు. మీకు రోజూ ఈ గొడవ పడే ఓపిక లేకపోతే నేరుగా మూడోదానికి వెళ్ళినా తప్పు లేదు, మీ పని విలువ ఆ రెండు మూడు వేల కంటే ఎక్కువే.

తమ్ముడి సంగతి. ముట్టుకోకక్కా అన్నాడంటే వాడి భయం వాడిది, దూరంగా ఉన్నాడు, ఏదైనా చెడితే బాగుచెయ్యలేడు. అందుకే చెప్పకుండా చెయ్యకండి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తే వాడికి శనివారం రాత్రి, తీరిగ్గా ఉంటాడు. "నీ రౌటర్ పాడైంది" అని మొదలుపెట్టకండి, "నీ రాత్రి రెండు మాకు పొద్దున ఏడున్నరరా" అని చెప్పండి, మిగతాది వాడే అందుకుంటాడు. మీరు స్క్రీన్ షేర్ పెడితే ఆ రెండు హ్యాష్‌లూ వాడే దగ్గరుండి పెట్టిస్తాడు.

గ్రూప్‌లో ఆ తండ్రికి మీరింకా జవాబివ్వలేదన్నారు. పెద్దగా సంజాయిషీ అక్కర్లేదు. "పొద్దున ఇబ్బందికి కారణం దొరికింది, ఆదివారం సరిచేస్తున్నాం, ఈలోగా క్లాస్ మధ్యలో ఆగితే ఫోన్ హాట్‌స్పాట్ నుంచి రెండు నిమిషాల్లో మళ్ళీ వస్తాను, మిస్ అయిన లెక్కలు రికార్డ్ చేసి పెడతాను" అని పెట్టండి. హాట్‌స్పాట్ ముందే ఒకసారి లాప్‌టాప్‌కి కనెక్ట్ చేసి ఉంచుకోండి, క్లాస్ మధ్యలో పాస్‌వర్డ్ వెతుక్కోకుండా.

గుడ్డ తీసేస్తే అత్తయ్య గారు ఏమనుకుంటారో అని రాశారు. రౌటర్ గోడ మీదకి వెళ్ళాక బీరువా పైన ఖాళీ అవుతుంది కదా, గుడ్డ అక్కడే పరిచి ఉంచండి, ఆవిడ కుట్టిన పువ్వులు ఇప్పటికంటే బాగా కనిపిస్తాయి.